మెత్తని బోల్టు

ఆ సందులో ఆవిడను అక్కా అని పిలవనివాళ్ళు లేరు. ఆవిడ కంటే బాగా పెద్దవాడైన ఎదురింటి టైలరు కూడా అక్కా అనే అంటాడు. నిజానికి ఆ పిలుపు మీద పూర్తి హక్కున్నవాడు ఒక్కడే, ఆవిడ సొంత తమ్ముడు. వాడేమో ఇన్నేళ్ళూ ఎక్కడో దూరంగా ఒక అద్దె కొట్లో వెల్డింగు చేసుకుంటూ, గుర్తొచ్చిన పూట తిని, గుర్తురాని పూట టీ తాగి బతికాడు. పెళ్ళి ఊసెత్తితే "చూద్దాంలే" అనేవాడు. చూస్తూండగానే జుట్టు నెరిసింది. ఇప్పుడు ఆ కొట్టు ఉన్న భవనాన్ని పడగొట్టేశారు. వెల్డింగు మిషను, సుత్తులు, ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మ, ఒక ట్రంకు పెట్టె ఆటోలో వేసుకుని వచ్చి అక్క గుమ్మం ముందు దిగాడు.

"ప్రస్తుతానికి నాలుగు రోజులుంటానక్కా" అన్నాడు.

ఆ మాట వాడికి ఊతపదం. ఏది అతికించినా "ప్రస్తుతానికి ఇలా ఉండనివ్వండి" అని చెప్పి పంపేవాడు. అలా ప్రస్తుతానికి అతికిన గేట్లూ, మంచాలూ, నీళ్ళ ట్యాంకుల కాళ్ళూ ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలబడేవి. దాంతో పాత వీధిలో వాడి పేరే 'ప్రస్తుతం' అయి కూర్చుంది. ఆ సంగతి బావ చెవిన పడ్డాక ఊరుకుంటాడా?

"రావయ్యా ప్రస్తుతం! భవిష్యత్తు ఏమిటి?" అని వాకిట్లోనే అందుకున్నాడు.

బావకు ఒక ట్రాక్టరు ఉంది. దానికి ముందు వైపు రెండు పొడుగాటి ఇనప చేతులు, వాటి చివర ఒక పెద్ద బకెట్. ఇసుక ఎత్తడం, ఎరువు ఎత్తడం, కూల్చిన ఇళ్ళ చెత్త ఎత్తడం, ఇదీ ఆయన బతుకుతెరువు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ నోరుంది చూశారూ, అది ఖాళీగా ఉండలేదు. బావమరిదిని ఏడిపించడం తన జన్మహక్కని నమ్మే రకం. అక్క పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆ వేళాకోళాలు వింటూనే ఉంది. ఏది హాస్యమో ఏది నిజమో ఆవిడకు నేటికీ పూర్తిగా అంతుపట్టలేదు. అంతుపట్టనప్పుడల్లా నిజమేనని భయపడటం అలవాటైంది.

ఒకరోజు ఆవిడ తమ్ముడి ట్రంకు పెట్టె తెరిచి చూసింది. రెండు చొక్కాలు, రెండింటికీ నిప్పురవ్వలు పడి జల్లెడలా చిల్లులు. ఇక వీణ్ణి ఎక్కడికీ పంపకూడదని ఆవిడ అప్పుడే అనుకుంది. పెరట్లో గోడ వారన ఒక రేకుల షెడ్డు వేస్తే చాలు, వాడి పని వాడు చేసుకుంటాడు, రెండు పూటలా తన కళ్ళ ముందు తింటాడు. ఇదే సంగతి మొగుడి చెవిలో వేసింది.

"చూద్దాం. ముందు నా బండికి పనికొచ్చే వస్తువు ఒక్కటి చేసి చూపించమను. చేస్తే షెడ్డు, లేకపోతే బస్సు" అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

నవ్వుతూనే అన్నాడు. ఆవిడ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

పనికొచ్చే వస్తువు ఏమిటో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. సందులోకి కొత్తగా నీళ్ళ పైపు వేస్తామని పైపులవాళ్ళు చెప్పి వెళ్ళారు. అయితే వాళ్ళ తవ్వే మిషను ఏనుగంత ఉంది, సందు మొదట్లోనే ఇరుక్కుంటుంది. కాలువ మీరు తవ్వి ఉంచితే పైపు మేం దించుతామన్నారు. సందులోకి పట్టే బండి బావ ట్రాక్టరు ఒక్కటే. కానీ దాని బకెట్‌కు అంచు నున్నగా ఉంటుంది. పోగుపోసిన మట్టినైతే ఎత్తుతుంది కానీ, ఏళ్ళ తరబడి కాళ్ళూ చక్రాలూ తొక్కి రాయి చేసిన నేల మీద పెడితే జారిపోతుంది.

"దానికి పళ్ళు పెడతాను బావా" అన్నాడు తమ్ముడు.

"పెట్టు, పెట్టు. ముసలిదైపోయింది పాపం, నమల్లేకపోతోంది" అన్నాడు బావ.

వాడు మొదట పాత లారీ కమాను పట్టీలు తెచ్చి, ముక్కలు కోసి, ఒక మందపాటి ఇనప పట్టీకి వరసగా అతికి, బకెట్ అంచుకు తొడిగాడు. బకెట్ మీద మాత్రం ఒక్క చుక్క వెల్డింగు పడనివ్వలేదు. ఆ అంచు గట్టి ఉక్కు, నేరుగా అతికితే చల్లారేటప్పుడు పగులుతుందని వాడి భయం. అందుకే అంతా బిగింపులతోనే కానిచ్చాడు. తీరా నేల మీద పెట్టి తోస్తే, పళ్ళన్నీ కలిసి నేలను గీకాయి తప్ప లోపలికి దిగలేదు. ట్రాక్టరు ముందు చక్రాలే పైకి లేచాయి.

"దువ్వెన చేశావేమిట్రా? దీనికి జుట్టేదీ?" అన్నాడు బావ. టైలరు కుట్టు ఆపి మరీ నవ్వాడు.

తమ్ముడు మాత్రం నొచ్చుకోలేదు. బలం అన్ని పళ్ళకూ పంచితే ఏ పన్నుకూ చాలదని తెలుసుకున్నాడు. దువ్వెన పక్కన పడేసి, ఒకే ఒక్క పెద్ద పన్ను చేయడానికి కూర్చున్నాడు. కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి అతికి, పెరట్లో ఇటుకలతో కొలిమి పెట్టి, ఎర్రగా కాల్చి, దాగలి మీద కొడవలిలా వంచాడు. నిప్పు మీదికి గాలి ఊదే చిన్న మిషను పట్టుకుని కూర్చున్నది అక్కే.

ఆ పని ఆవిడకు కొత్త కాదు. వాళ్ళ నాన్న కమ్మరి. చిన్నప్పుడు కొలిమి తిత్తి లాగింది ఆవిడే, తమ్ముడి చేతికి సుత్తి అందించిందీ ఆవిడే. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు తీయాలో చూసి చూసి నేర్చుకుంది. కానీ ఎందుకు తీయాలి, ఎందుకు నీళ్ళలో ముంచాలి అని అడిగితే నాన్న "తర్వాత చెప్తాలే, నువ్వు లాగు" అనేవాడు. చెప్పడం తమ్ముడికే చెప్పేవాడు.

ఇప్పుడు ఆ పన్నును బకెట్‌కు తగిలిస్తూంటే ఆవిడ గమనించింది. పైన ఒక లావుపాటి ఇరుసు, దాని మీద పన్ను ఊయలలా ఊగుతోంది. కింద అది ఊగకుండా ఆపుతున్నది ఒకే ఒక్క బోల్టు.

"ఇంత పెద్దదానికి ఇంత చిన్న బోల్టేమిట్రా? ఇదెందుకు?" అని అడిగింది.

"తర్వాత చెప్తానక్కా. కాస్త ఆ పానా ఇటివ్వు" అన్నాడు వాడు.

ఆవిడ పానా ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే బావా బావమరిదీ బకెట్ ముందు గొంతుక్కూర్చుని తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. తమ్ముడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆయన తల ఊపుతున్నాడు. ట్రాక్టరు ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే సందు మొదట్లో తవ్వకం మొదలైంది. బావ బకెట్ వంచి, పన్ను నేలలో దించి, బండిని వెనక్కి లాగాడు. నేల పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. సందంతా చప్పట్లు కొట్టింది. ఆ వదులైన మట్టిని పారలతో ఎత్తి పక్కన పోయడానికి జనం దిగారు. ఇంతలో నేలలో ఏదో రాయి తగిలింది. ఠప్పుమని బోల్టు విరిగి, పన్ను వెనక్కి వాలిపోయింది.

"అయిపోయిందా సంబరం?" అన్నాడు బావ సీటు మీంచి.

తమ్ముడు చిరునవ్వు నవ్వి, జేబులోంచి ఇంకో బోల్టు తీసి బిగించాడు. కాస్త దూరం పోగానే అదీ విరిగింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ విరిగింది. విరిగినప్పుడల్లా బావ గొంతు పెరుగుతోంది.

"ఏరా, మీ నాన్న నీకు బోల్టులు ఇనుముతో చేయడం నేర్పాడా, సుద్దముక్కలతోనా?"

సందు గొల్లుమంది. తమ్ముడూ నవ్వాడు. నవ్వనిది అక్క ఒక్కతే. నాన్న పేరు అలా సందులో పడి దొర్లుతూంటే ఆవిడకు తల కొట్టేసినట్టయింది. పైగా షెడ్డు షరతు బావ నోట విన్న టైలరు, మెడలో టేపు వేలాడేసుకుని, ఓదార్పుగా అన్నట్టు ఓ మాట అన్నాడు.

"షెడ్డు సంగతి ఇక మర్చిపోవడమే అక్కా. ఇవి విరగడం ఆగితేగా!"

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడి మొహంలోకి చూసి ఏమైనా పసిగడదామని ప్రయత్నించింది. ఆయన ఆవులిస్తూ "సాయంత్రానికి మీ తమ్ముడి జేబు ఖాళీ" అని, చెయ్యి కడుక్కుని నడుం వాల్చాడు. తమ్ముడు కూడా వరండాలో చాప మీద ఒరిగి నిద్రపోయాడు. నిద్రలో వాడి మొహం చిన్నప్పటిలాగే ఉంది. వీడు మళ్ళీ ఆ ట్రంకు పెట్టె ఎత్తుకుని బస్సెక్కుతాడు, చిల్లుల చొక్కాతో ఏ మూల గదిలోనో పడుంటాడు, జ్వరం వస్తే మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. అది తలచుకునేసరికి ఆవిడకు కూర్చోబుద్ధి కాలేదు.

సందంతా ఎండకు తలుపులు వేసుకుని ఉంది. ఆవిడ ట్రాక్టరు దగ్గరికి వెళ్ళింది. సీటు కింద పనిముట్ల పెట్టె తెరిచి, మొగుడు దాచుకున్న బోల్టులు వెతికింది. అదే లావు, అదే పొడుగు, కానీ నల్లగా బరువుగా ఉన్నది ఒకటి దొరికింది. దాన్ని పానాతో తట్టి చూసింది. ఖంగుమంది. పన్నుకున్న బోల్టును తట్టింది. టక్కుమని ఊరుకుంది. కమ్మరి కూతురికి అంతకు మించిన రుజువెందుకు? తమ్ముడికి డబ్బుల్లేక నాసిరకం ఇనుము తెచ్చుంటాడు, మొహమాటానికి చెప్పుకోలేకపోయి ఉంటాడు. పిచ్చి సన్నాసి, నన్నడిగితే ఇవ్వనా అనుకుంది.

మెత్తటి బోల్టు విప్పి, గట్టిది దూర్చి, మోకాలు ఆనించి బిగించింది. విప్పినదాన్ని మట్టిలో పడేసింది. చేతులకంటిన గ్రీజు చీరకు తుడుచుకుంటూ లోపలికి వస్తూంటే ఆవిడకు ఎంతో హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళకు ఇనుము విషయంలో ఒక నిర్ణయం తను తీసుకుంది.

సాయంకాలం తవ్వకం ఎంత బాగా సాగిందో చెప్పలేం. తమ్ముడు తవ్వేసిన కాలువలో దిగి పారతో అడుగు చదును చేసుకుంటున్నాడు. బావ బండిని వెనక్కి లాగుతూ పోతున్నాడు. చిన్నా చితకా రాళ్ళన్నీ పన్ను దెబ్బకు పైకి లేచి పడుతున్నాయి. ఠప్పుమన్న చప్పుడే లేదు.

"ఏమిటోయ్, సుద్దముక్క మొండికేసింది?" అన్నాడు బావ వాడి వైపు తిరిగి.

అక్క గుమ్మంలో నిలబడి మురిసిపోయింది. ఇప్పుడను, నా తమ్ముణ్ణి ఇప్పుడను అనుకుంది.

టైలరు ఇంటి ముందుకు వచ్చేసరికి బండి ఒక్కసారి ఆగింది. నేల కింద ఎప్పటిదో పాత గోడ పునాది ఉన్నట్టుంది. పన్ను దాని కింద చిక్కుకుంది. రాయి తగిలితే బోల్టు పోతుందన్న ధీమాతో ఉన్న బావ ఇంకాస్త లాగాడు. ఇంజను గొంతు మారింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి పొగ లేపాయి. బోల్టు విరగలేదు. దాని బదులు ఎడమవైపు ఇనప చెయ్యి, మూలిగినట్టు ఒక చప్పుడు చేసి, పక్కకు వంగిపోయింది.

బావ ఇంజను ఆపి దిగాడు. వంగిన చేతిని నెమ్మదిగా తడిమాడు, గొడ్డుకు కాలు విరిగితే తడిమినట్టు.

"నీ మాట నమ్మి బండిని నీ చేతుల్లో పెట్టాను రా" అన్నాడు చివరికి. ఆ గొంతులో హాస్యం లేదు. "నా కూడు ఇది. నా కూడు విరగ్గొట్టావు."

తమ్ముడు కాలువలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి పన్ను ముందు కూలబడ్డాడు. వేలితో మట్టి గీకాడు. బోల్టు తల నల్లగా బయటపడింది. దాన్ని చూశాడు, తలెత్తి బావను చూశాడు, తర్వాత గుమ్మంలో ఉన్న అక్కను చూశాడు. అరచేత్తో మట్టిని మళ్ళీ బోల్టు మీదికి కప్పేసి లేచాడు.

"తప్పు నాదే బావా. నేను సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు. తల వంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అక్క వెళ్ళేసరికి వాడు సుత్తులు గోనెసంచీలో వేస్తున్నాడు.

"ఆ బోల్టులో ఏముందిరా? చేత్తో ఎందుకు కప్పావు?"

"ఏం లేదులే అక్కా."

"ఏం లేకపోతే సర్దుకోవడం ఎందుకు? చెప్పు. తర్వాత కాదు, ఇప్పుడు చెప్పు."

వాడు గొంతు తగ్గించి చెప్పాడు.

"అది విరగడానికే పెట్టాను. పెద్ద రాయి తగిలితే ముందు అది విరిగిపోవాలి, పన్ను వెనక్కి వాలిపోవాలి. అప్పుడు దెబ్బ బండి చేతులకు తగలదు. అందుకే ఏరి ఏరి మెత్తటి ఇనుముతో చేశాను. మాటిమాటికీ బండి ఆపలేక బావే గట్టిది వేసుకున్నట్టున్నాడు. ఆ మాట ఇప్పుడు పదిమందిలో అంటే ఆయన పరువు పోతుంది, నీకు ఇంట్లో మనశ్శాంతి ఉండదు. నేను పోయేవాణ్ణేగా. నా మీదే ఉండనీ."

మెత్తటిది మట్టిలో పారేసిన చెయ్యి తనది. చేయని తప్పును తన కాపురం కోసం నెత్తిన వేసుకుంటున్నది తమ్ముడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మొగుడు తమ్ముణ్ణి తిడతాడు, తమ్ముడు మొగుణ్ణి మనసులో తిట్టుకుంటాడు, ఇద్దరూ తనను మాత్రం ఏమీ అనరు.

ఆవిడ గిరుక్కున తిరిగి సందులోకి వచ్చింది. జనం ఇంకా బండి చుట్టూ మూగే ఉన్నారు.

"ఏమండీ, ఆ బోల్టు మార్చింది నేను. మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు మీ పెట్టెలోంచి తీసి నేనే బిగించాను. వాడి తప్పేం లేదు."

వెనకాలే వచ్చిన తమ్ముడు గుమ్మంలో ఆగిపోయాడు.

"నువ్వా? ఎందుకే?" అన్నాడు బావ.

"ఎందుకా? పొద్దుట్నుంచీ సుద్దముక్కలు, సుద్దముక్కలని సందంతా దండోరా వేసిందెవరు? వస్తువు పనికొస్తే షెడ్డు, లేకపోతే బస్సు అన్నదెవరు? అవి విరిగినంతసేపూ వీడు బస్సెక్కుతున్నట్టే ఉంది నాకు."

బావ ట్రాక్టరు టైరుకు ఆనుకుని కూలబడ్డాడు. మొహం దించుకుని, బండితో చెబుతున్నట్టు చెప్పాడు.

"అది విరగాలని నాకు తెలుసు. నిన్ననే చెప్పాడు వాడు. వినగానే అబ్బ, ఏం బుర్రరా అనుకున్నాను. నిన్న సాయంత్రమే రేకుల కొట్లో మాట్లాడి వచ్చాను కూడా."

"మరి ఆ మాటలేమిటి?"

"బావమరిది కదే! వాణ్ణి కాకపోతే ఇంకెవర్నంటాను?"

అప్పుడు అక్కకు కోపం వచ్చింది. ఆవిడ కోపం అంతకు ముందు ఆ సందులో ఎవరూ చూడలేదు.

"మీకు తెలుసు, వాడికి తెలుసు. మీరిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చెప్పుకున్నారు. కొలిమి దగ్గర పొగ మింగింది నేను. చిన్నప్పుడు తిత్తి లాగింది నేను. ఎందుకని అడిగితే నాన్న తర్వాత అన్నాడు, వీడూ తర్వాతే అన్నాడు. మీతో ఏదీ అడిగేలాగే లేదు, అడిగితే అదో హాస్యం. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాకూ చెప్పి ఉంటే నేను ఆ బోల్టు ముట్టుకునేదాన్నా?"

టైలరు మెల్లిగా ఇంట్లోకి జారుకున్నాడు.

తమ్ముడు వచ్చి మట్టికుప్ప మీద కూర్చున్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు కానీ అవి ఆగలేదు. అంత వయసొచ్చినవాడు, పదిమంది చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. "నా కోసం మార్చావా అక్కా?" అని మాత్రం అన్నాడు. తన కోసం ఎవరైనా ఏదైనా చేసి ఎంతకాలమైందో వాడికే గుర్తు లేదు.

బావ లేచి, వంగిన ఇనప చేతిని తట్టాడు.

"సరే. ఈ చెయ్యి వంకర తీసేదెవరు? నువ్వు పోతే నేనెవరి దగ్గరికి పోవాలి?"

"తీయొచ్చు బావా. కాల్చి..."

"ఆగండి. ఎలా తీస్తారో ముందు నాకు చెప్పండి. నాకు అర్థమయ్యాకే మొదలుపెట్టండి" అంది అక్క. తనూ మట్టికుప్ప మీద కూర్చుంది.

ఇద్దరూ చెప్పారు. ఒకడు పుల్లతో నేల మీద గీతలు గీస్తూంటే ఇంకొకడు చెరిపి మళ్ళీ గీశాడు. ఎక్కడ కాల్చాలి, ఎక్కడ అస్సలు కాల్చకూడదు, ఎక్కడ జాకీ పెట్టి నెమ్మదిగా తోయాలి, వంకర తీశాక మడతపడిన చోట పక్కపట్టీ ఎందుకు అతకాలి. మధ్యలో వాదించుకున్నారు. ఆవిడ అడ్డుపడి అడిగిన ఒక ప్రశ్నకు ఇద్దరూ కాసేపు ఆలోచించుకోవలసి వచ్చింది. ఆ కాసేపూ ఆవిడకు ఎంతో బాగుంది.

"అర్థమైందా అక్కా? ఇంకేమైనా అడగాలా?" అన్నాడు తమ్ముడు.

"ఒకటుంది. షెడ్డు గురించి నేను మీ బావను అడిగాను, మీ బావ రేకుల కొట్లో అడిగాడు. నిన్ను మాత్రం అడగలేదు. నువ్వు ఇక్కడే ఉంటావా, వెళ్ళిపోతావా? నీకేం కావాలి?"

వాడు గీతలు గీసిన పుల్లను పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదక్కా" అన్నాడు. "ఉంటాను."